ఓల్డ్ టప్‌లో ఖాళీ కుర్చీ

స్విండన్,
1994 మార్చి 6, ఆదివారం

విన్నీ అక్కకి,

ముందు నీ తుంటి నొప్పి ఎలా ఉందో రాయి. ఫోనులో అడుగుదామంటే నీకు వినపడదు, అరిచే ఓపిక నాకు లేదు. నా సంగతంటావా, గుండ్రాయిలా ఉన్నాను. నిన్న నార్ఫోక్ వెళ్ళొచ్చాను. మూడు రైళ్ళు మారి, చివర ఒక బస్సెక్కి, ఆపైన రెండు మైళ్ళు వానలో నడిచాను. నవ్వకు. పాతకాలపు పీపా బీరు కోసం పెట్టిన ఏల్ ప్రియుల సంఘం వాళ్ళు ఈ ఏడు ఆ ప్రాంతం మొత్తానికీ ఉత్తమ పబ్బు అని బహుమతి పలక ఇచ్చింది దానికే. ముప్ఫై ఎనిమిదేళ్ళు రైల్వేలో సిగ్నళ్ళు చూసినందుకు ఉచిత పాసు ఇచ్చారు కదా, దాన్ని పెట్టెలో దాచుకుని ఏం చేస్తాను?

ఆ పబ్బులో వరసగా పదకొండు బీరు పంపులున్నాయి. పీపాలు ఉంచే నేలమాళిగ చల్లగా, ఆసుపత్రి గదిలా శుభ్రంగా ఉంటుందట. అడిగితే తలుపు తీసి చూపించారు కూడా. నేను తాగిన బీరుకి మొదట కమలాతొక్క వాసన వచ్చింది. నాలుక చివర చిన్న చేదు, మింగాక చాలాసేపటికి కాల్చిన రొట్టె రుచి. పదికి తొమ్మిది వేశాను. నా నోటుబుక్కులో ఇది నాలుగువందల పన్నెండోది. బహుమతి పొందిన పబ్బుల్లో నేను చూడాల్సినవి ఇంక ఇరవై మూడే మిగిలాయి. నాకు ఒక మూల కుర్చీ దొరికింది. ఎవరూ వచ్చి కదిలించలేదు. నాలుగు గంటలపాటు నోరు విప్పే పని లేకుండా హాయిగా గడిచిపోయింది.

మీ ఊరి పబ్బు ఓల్డ్ టప్ గుమ్మం మీది ముసలి పొట్టేలు బొమ్మకి రెండో కొమ్ము ఎవరైనా అతికించారా, లేక ఒంటికొమ్ముతోనే ఉందా? ఒక్క పంపు, ఒక్కటే బీరు, పంపు వెనక క్లెమ్ మొహం. నువ్వు వారానికి నాలుగు రోజులు అక్కడ ఏం చూసి కూర్చుంటావో నాకు ఈ జన్మకి అర్థం కాదు.

పిల్లి మఫిన్‌ని అడిగానని చెప్పు.

నాలుగువందల పన్నెండు గుమ్మాలు తొక్కిన నీ తమ్ముడు,
గిల్బర్ట్


కార్‌బెక్,
మార్చి 14, సోమవారం

ఒరేయ్ గిల్బర్ట్,

నీ ఉత్తరం చదివి నవ్వాను, నవ్వితే తుంటి పట్టేసింది, కాబట్టి తప్పు నీదే. అరవై నాలుగేళ్ళ మనిషివి, బీరు కోసం వానలో రెండు మైళ్ళు నడుస్తావా? నేను ఓల్డ్ టప్‌కి వెళ్ళాలంటే మా గుమ్మం దిగి ఎనభై అడుగులు వేయాలి. ఈమధ్య మధ్యలో ఒకసారి ఆగుతున్నాను.

పొట్టేలుకి కొమ్ము ఇంకా అతికించలేదు. క్లెమ్ కడుపు ఆపరేషన్ అయ్యాక నిచ్చెన ఎక్కడం మానేశాడు. డాక్టరు బీరు చుక్క ముట్టొద్దన్నాడు, వాడు మూడేళ్ళుగా పాలే తాగుతున్నాడు. పబ్బు నడిపేవాడు కౌంటరు వెనక నిలబడి పాలు తాగుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకో. అయినా బీరు చెడిందో లేదో వాడికి మా మొహాలు చూస్తే తెలిసిపోతుంది. మంగళవారం డామినో పోటీలో పెర్సీ మళ్ళీ గెలిచాడు. యథాప్రకారం కోటు పక్క కుర్చీ మీద పడేసి, యథాప్రకారం గొప్పలు చెప్పుకున్నాడు. నోరా పంది మాంసం కూరి కాల్చిన రొట్టె చేసి తెచ్చింది. ముక్కలు సరిపోక క్లెమ్ తన ముక్క నాకిచ్చాడు.

ఒక్కటే బెంగగా ఉంది. పబ్బు భవనం బీరు కంపెనీది కదా. ఆ కంపెనీ కాగితం పంపింది. చిన్న పబ్బులు అమ్మేస్తున్నారట, సెప్టెంబరు లోపల మనిషి వచ్చి చూస్తాడట. నచ్చకపోతే ఇల్లు కట్టుకునేవాళ్ళకి అమ్మేస్తారు. క్లెమ్ ఆ కాగితం గోడకి అంటించాడు. ఎవరూ దాని గురించి మాట్లాడరు. నేను రోజూ దాని వైపు వీపు పెట్టి కూర్చుంటున్నాను. ఆ పబ్బు మూతపడితే నాకు వెళ్ళడానికి ఇంకో చోటు లేదురా. ఈ ఇంట్లో గడియారం చప్పుడు మరీ ఎక్కువ.

నువ్వు ఇన్ని బహుమతి పబ్బులు చూశావు కదా, వాళ్ళు చేసేదేమిటి, మా క్లెమ్ చేయనిదేమిటి?

ఎనభై అడుగుల అక్క,
విన్నీ


స్విండన్,
మార్చి 20, ఆదివారం

అక్కా,

నువ్వు అడగాలే గానీ! రెండు రాత్రులు కూర్చుని ఏడు పేజీలు రాశాను. అసలు కాపీ నేరుగా క్లెమ్‌కే పంపాను, రైల్వే వాళ్ళ పాత లెటర్‌హెడ్ మీద. కాస్త బరువుగా ఉంటుందని.

విషయం ఇది. బీరు కంపెనీకి మీ మీద ప్రేమ లేదు, కానీ పేరంటే భయం ఉంది. సంఘం పలక ఉన్న పబ్బుని అమ్మితే పేపర్లో పడుతుంది, అందుకని అమ్మరు. పలక కావాలంటే ఒక్క పంపుతో రాదు, కనీసం ఆరుండాలి. డాన్‌కాస్టర్‌లో ఒక హోటలు మూసేశారు, దాని పంపులు తుక్కు కింద దొరుకుతాయి, చిరునామా రాశాను. దూరప్రాంతాల బీర్లు తెప్పించాలి, వారం వారం మార్చాలి, సుద్దతో నల్లబల్ల మీద రాయాలి. దూరం నుంచి జనం వాటి కోసమే వస్తారు. నాలాంటి పిచ్చివాళ్ళు ఈ దేశంలో తక్కువేం లేరు.

ఇంకోటి. పోయినసారి వచ్చినప్పుడు గుమ్మంలోంచి చూశాను, కిటికీ పక్కన ఒక మంచి కుర్చీ ఉంది, దాని మీద ఎప్పుడూ ఎవరిదో పాత కోటు పడి ఉంటుంది. నువ్వు రాసినదాన్ని బట్టి అది పెర్సీదే అయి ఉంటుంది. ఆ కోటు తీయించి, కుర్చీ పక్కకి లాగి, అక్కడ బీర్ల వివరాల కాగితాలు పెట్టే బల్ల వేయమని రాశాను. లోపలికి రాగానే కళ్ళు పడేది అక్కడే.

సంఘం మీ జిల్లా శాఖ వాళ్ళకి పేరు పంపే బాధ్యత నాది. ఇన్నాళ్ళకి నా తిరుగుడు ఎవరికైనా పనికొస్తోందంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఉప్పొంగిపోతున్న తమ్ముడు,
గిల్బర్ట్


కార్‌బెక్,
ఏప్రిల్ 25, సోమవారం

గిల్బర్ట్,

నేనేదో ఊసుపోక అడిగితే నువ్వు ఏడు పేజీలు రాస్తావని కలగన్నానా? క్లెమ్ నీ ఉత్తరం అందుకుని కోర్టు నోటీసేమో అని వణికిపోయాడు. తర్వాత మూడుసార్లు చదివాడు. తర్వాత, వాణ్ణి చూసి ఎన్నేళ్ళయిందో అనిపించేలా, ఈల వేస్తూ తిరగడం మొదలుపెట్టాడు.

పంపులు వచ్చాయి. బీరు పైకి లాగే పిడులు నున్నటి నల్ల చెక్కవి, ఇత్తడి మెడలతో, చూడ్డానికి దర్జాగా ఉన్నాయి. ఆరు పీపాలు కిందకి దించడానికి ఊళ్ళో మగవాళ్ళందరూ ఒక పూట పనికి సెలవు పెట్టారు. క్లెమ్ నిచ్చెన ఎక్కి పొట్టేలుకి కొమ్ము కూడా అతికించాడు, మేమంతా కింద నిచ్చెన పట్టుకున్నాం. అందరం కొత్త బీర్లు తాగుతున్నాం. వేరుగా ఉన్నాయి. పెర్సీ ఇదివరకు నాలుగు గ్లాసులు తాగేవాడు, ఇప్పుడు రెండు అర గ్లాసులతో సరిపెడుతున్నాడు. క్లెమ్ సంతోషంగా ఉన్నాడు, అది చూస్తే మాకూ బాగానే ఉంటోంది.

కుర్చీ సంగతి. ఆ కుర్చీ మీ వాల్టర్ బావది. ఇరవై ఆరేళ్ళు ఆయన పెర్సీ పక్కనే కూర్చుని డామినో ఆడాడు. ఆయన పోయిన మర్నాడు పెర్సీ వచ్చి తన కోటు దాని మీద వేశాడు. ఎవరూ కూర్చోకుండా. అప్పటి నుంచి అంతే. నీకు తెలియదులే, దినం నాడు నీకు నాలుగూ పది రైలు అందుకోవాలి, పబ్బుకి రాకుండా వెళ్ళిపోయావు. క్లెమ్ నీ ఉత్తరంలో ఆ పేరా పెర్సీకి చదివి వినిపించలేదు. బల్ల ఇంకో చోట వేశాడు.

నేను కోపంగా రాయడం లేదు. మఫిన్ ఈ కాగితం మీద కూర్చుంది, అందుకే అక్షరాలు వంకరగా ఉన్నాయి.

అక్క


స్విండన్,
మే 22, ఆదివారం

అక్కా,

కుర్చీ సంగతి తెలియక రాశాను. క్షమించు. ఆ నాలుగూ పది రైలు తర్వాత ఐదున్నరకి ఇంకోటి ఉందని నాకు అప్పుడూ తెలుసు. అందరూ బావ గురించి మాట్లాడుకుంటుంటే మధ్యలో నేనేం మాట్లాడాలో తెలియక వెళ్ళిపోయాను. ఇన్నేళ్ళకి చెబుతున్నాను.

కానీ పెర్సీ అర గ్లాసులు తాగుతున్నాడని చదివి పొంగిపోయాను. అనుభవజ్ఞులు చేసే పనే అది. అర గ్లాసు తీసుకుని, ఒక్కోటీ రుచి చూసి, తేడా గమనిస్తారు. ఆ పెర్సీలో ఇంత విషయం ఉందనుకోలేదు. జిల్లా శాఖ వాళ్ళు జూన్‌లో వస్తారు. ఏ రోజు అన్నది చెప్పరు, మామూలు మనుషుల్లా వచ్చి తాగి వెళ్తారు. నేను బంధువుని కాబట్టి దూరంగా ఉండాలి.

పుట్టినరోజు కార్డు ఆలస్యంగా చూశాను. పదిహేడో తారీఖున నేను హియర్‌ఫర్డ్ దగ్గర ఒక పబ్బులో ఉన్నాను, నాలుగువందల ఇరవయ్యోది. గొప్ప బీరు. కౌంటరు దగ్గర అమ్మాయితో ఈరోజు నాకు అరవై ఐదు నిండాయని చెప్పాను. చాలా మంచిదండీ అని నా వెనక నిలబడ్డవాణ్ణి ఏం కావాలని అడిగింది. పని ఒత్తిడిలో ఉంది పాపం. మూలన కూర్చుని తాగాను. తొమ్మిదిన్నర మార్కులు.

ఇంటికొస్తే నీ కార్డు ఉంది. అందులో పదకొండు సంతకాలున్నాయి. ఈ నోరా ఎవరు? నన్నెప్పుడు చూసింది? 'నీ ముప్ఫై ఏళ్ళ కిందటి జుట్టుని అడిగానని చెప్పు' అని రాసింది. కార్డు చలిమంట గూటి మీద పెట్టాను, ఇంకా తీయలేదు.

గిల్బర్ట్


కార్‌బెక్,
జూన్ 13, సోమవారం

గిల్బర్ట్,

కూర్చుని చదువు.

నీ వాళ్ళు బుధవారం వచ్చారు. ఇద్దరు, ఇద్దరికీ గడ్డాలు, ఇద్దరి జేబుల్లోనూ నోటుబుక్కులు. మామూలు మనుషుల్లా వచ్చారన్నావు చూడు, ఊరి కుక్కలకి కూడా తెలిసిపోయింది వాళ్ళెవరో. ఒక్కో పంపు నుంచీ అర గ్లాసు పోయించుకున్నారు. ఒక్కో గుక్క తాగారు. గ్లాసులు బల్ల మీదే వదిలేసి, మర్యాదగా తల ఊపి వెళ్ళిపోయారు. బల్ల మీద ఆరు గ్లాసులు, ఆరూ దాదాపు నిండుగానే.

క్లెమ్ ఆ గ్లాసుల దగ్గరికి వచ్చాడు. తర్వాత, డాక్టరు మాట పక్కనపెట్టి, ఒకటి ఎత్తి నాలుక తడుపుకున్నాడు. తర్వాత రెండోది. వాడి మొహం చూడలేక నేను నా చేతుల వైపు చూసుకున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అని అడిగాడు.

చివరికి పెర్సీయే అన్నాడు: "ఏప్రిల్ నుంచి. అలవాటైపోతుందిలే అనుకున్నాం."

పులిసిపోయింది గిల్బర్ట్. ఆరు పీపాలూ పులిసి వెనిగర్ అయిపోయాయి. రెండు నెలలుగా మేమంతా దాన్నే తాగుతున్నాం. గ్లాసు వెనక్కి ఇవ్వడం ఈ ఊళ్ళో ఎవరికీ చేతకాదు, అందులోనూ క్లెమ్ ఈల వేస్తూ పోస్తుంటే. మొహం చిట్లించకుండా తాగడం నేర్చుకున్నాం. వాడికి ఉన్న ఆధారమే మా మొహాలు, వాటితోనే వాణ్ణి మోసం చేశాం. పెర్సీ అర గ్లాసులు తాగింది రుచి చూడ్డానికి కాదురా, అంతకన్నా మింగలేక. నాకు నీకు రాయాలనిపించింది, రాయలేదు. అది నా తప్పు.

కానీ నీ తప్పు నీదే. పీపా తెరిస్తే మూడు రోజుల్లో అయిపోవాలని నీకు తెలియదా? ఇక్కడ ఉన్నది ముప్ఫై మందిమి. రోజుకి రెండు బస్సులు. ఒక్క పీపా మేం రెండున్నర రోజుల్లో ఖాళీ చేస్తాం, ఆరు ఎలా చేస్తాం? నువ్వు నాలుగువందల పబ్బులు చూశానంటావు. ఒక్కో చోట ఒక్క గ్లాసు తాగావు. రెండోసారి ఏ పబ్బుకైనా వెళ్ళావా? మొదటి గ్లాసు నీకు తెలుసు గిల్బర్ట్, పీపా అడుగు నీకు తెలియదు.

క్లెమ్ రెండు రోజులు తలుపు తీయలేదు. వాడు పబ్బు నడుపుతున్న ఈ పదహారేళ్ళలో ఇదే మొదలు.

విన్నీ


స్విండన్,
జూలై 10, ఆదివారం

అక్కా,

నాలుగు వారాలు పట్టింది రాయడానికి. మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. మొదటి దాంట్లో నిన్ను తిట్టాను, రెండో దాంట్లో క్లెమ్ నేలమాళిగ వేడిని తిట్టాను. మూడో దాంట్లో ఏముందో గుర్తు లేదు.

మూడు రోజుల సంగతి నాకు తెలియక కాదు. జనం వస్తారనుకున్నాను. నేను వెళ్ళినట్టే అందరూ వెళ్తారనుకున్నాను. నువ్వు రాసింది చదివాక నోటుబుక్కు ముందు నుంచి చివరిదాకా తిరగేశాను. నాలుగువందల ఇరవై రెండు పేర్లు. ఒక్క పేరూ రెండుసార్లు లేదు. అదే నా గొప్ప అనుకునేవాణ్ణి. ఆ పబ్బుల్లో ఒక్కదాంట్లోనూ నా పేరు తెలిసిన మనిషి లేడు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, రాయకపోతే ఇంకా సిగ్గుగా ఉంటుంది.

ఆ పబ్బుల వాళ్ళని తప్పు పట్టను. ఆ బీర్లు నిజంగా గొప్పవి. నా నాలుక అబద్ధం చెప్పలేదు.

క్లెమ్‌కి విడిగా ఉత్తరం రాశాను, ఈసారి మామూలు కాగితం మీద, అర పేజీ. తలుపు తీశాడా? అది ఒక్కటి రాయి చాలు. కంపెనీ మనిషి వచ్చే లోపల నేను చేయగలిగింది ఏదైనా ఉంటే అదీ రాయి. ఏమీ చేయకుండా ఉండటమే మేలంటే అదైనా చేస్తాను.

గిల్బర్ట్


కార్‌బెక్,
ఆగస్టు 15, సోమవారం

ఒరేయ్ తమ్ముడూ,

తలుపు తీశాడు. ఎప్పుడో తీశాడు. నేనే నీ మీద అలిగి ఆలస్యం చేశాను. అలక తీరింది, ఇక విను.

క్లెమ్ మళ్ళీ ఒక్క పంపుకే వచ్చాడు. మిగిలిన ఐదు పంపుల పిడులు ఊడదీసి గోడకి వరసగా దిగ్గొట్టాడు, కోట్లు తగిలించుకోవడానికి. నల్ల చెక్క, ఇత్తడి మెడలు. డాన్‌కాస్టర్‌లోనే కాదు, లండన్‌లో కూడా ఇంత దర్జా అయిన కోటు కొక్కేలు ఉండవు. వాటికి ఊళ్ళో పెట్టిన పేరు గిల్బర్ట్‌లు. 'నా టోపీ గిల్బర్ట్‌కి తగిలించు' అంటారు. ఏడవకు, ప్రేమతోనే అంటారు.

క్లెమ్ ఒక నియమం పెట్టాడు. గురువారం సాయంత్రం ఆ వారం సరుకులో మొదటి పీపా తెరిచినప్పుడు మొదటి గ్లాసు ఒకళ్ళు అందరి ముందూ తాగాలి. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని పైకి చెప్పాలి. మొహమాటం లేదు. ఆ పని నాకు అప్పజెప్పాడు. మొదటివారం మెల్లగా గొణిగాను, ఇప్పుడు జడ్జిలా చెబుతున్నాను.

ఇంతలో కంపెనీ మనిషి వచ్చాడు. కుర్రాడు, మంచి బూట్లు, సంచీలో లెక్కల యంత్రం. ఒక్క పంపు చూసి పెదవి విరిచాడు. ఎందుకు ఒక్కటే అని అడిగాడు. క్లెమ్ బెదరలేదు. "వీళ్ళు ఎంత ఖాళీ చేస్తారో అంతే తెరుస్తానండీ," అన్నాడు. ఆ కుర్రాడు కిందకి వెళ్ళి చూశాడు, పీపా వాసన చూశాడు, పైకొచ్చి గ్లాసు తీసుకున్నాడు. ఇంకో గ్లాసు తీసుకున్నాడు. ఆ రోజు మంగళవారం. పెర్సీ వాణ్ణి డామినోకి కూర్చోబెట్టి మూడు ఆటలు ఓడించాడు. వాడు ఆఖరి బస్సు తప్పిపోతే నోరా కొడుకు వ్యాన్‌లో దింపి వచ్చాడు. నిన్నటికి పది రోజుల కింద కాగితం వచ్చింది, మూడేళ్ళు అమ్మరట. ఆ తర్వాత చూస్తారట. మూడేళ్ళంటే నా వయసులో చాలా కాలం. క్లెమ్ పాత కాగితం పీకి కొత్తది అంటించాడు. ఇప్పుడు నేను గోడ వైపు మొహం పెట్టి కూర్చుంటున్నాను.

అసలు విషయం. నా తుంటి ఆపరేషన్ సెప్టెంబరు పన్నెండున, లీడ్స్‌లో. రెండు వారాలు అక్కడే పడుకోవాలట. మఫిన్‌కి ఎవరు తిండి పెడతారనేది ఒక బెంగ. గురువారం పీపా ఎవరు రుచి చూస్తారనేది రెండోది. పెర్సీకి ఇస్తే కిరసనాయిలు పోసినా భేషుగ్గా ఉందంటాడు. నోరా ఎవరి మనసూ నొప్పించదు. నిజం చెప్పే నాలుక నాకు తెలిసి ఒక్కటే ఉంది, అది స్విండన్‌లో ఉంది. నాలుగువందల పబ్బులు వృథా పోలేదు, నువ్వు రా. ఈ మాట నేను అనడం లేదు, క్లెమ్ రాయమన్నాడు. ఇంటి తాళం ఓల్డ్ టప్ కౌంటరు వెనక ఉంటుంది.

నీ అక్క,
విన్నీ


కార్‌బెక్, నీ వంటింటి బల్ల మీద నుంచి,
సెప్టెంబరు 16, శుక్రవారం

అక్కా,

ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. నువ్వు అప్పుడే నర్సుతో టీ పల్చగా ఉందని గొడవపడ్డావని కూడా చెప్పింది. అంటే ఫరవాలేదు. మఫిన్ నన్ను రెండు రోజులు శత్రువులా చూసింది, నిన్నటి నుంచి నా బూట్లలో పడుకుంటోంది.

తాళం కోసం వెళ్ళినప్పుడు క్లెమ్ కౌంటరు మీద నుంచి చెయ్యి చాచాడు. నేను ఏదో క్షమాపణ మొదలుపెడితే పాల గ్లాసు ఎత్తి, "మీకు రైలెన్నింటికి?" అన్నాడు. రైలు లేదన్నాను. నోరా వచ్చి నా నెత్తి వైపు చూసి, జుట్టు ఎక్కడ పోగొట్టుకున్నావని అడిగింది. రైల్వేలో అన్నాను. నీ పెళ్ళిలో నాతో డాన్సు చేసిందట, నాకు గుర్తే లేదు. గోడకి గిల్బర్ట్‌లు ఐదూ చూశాను. నాలుగింటికి కోట్లున్నాయి, ఐదోది ఖాళీ.

నిన్న గురువారం. నువ్వు చెప్పినట్టే అందరూ చేరారు. క్లెమ్ కిందకి వెళ్ళి కొత్త పీపా తెరిచి, మొదటి గ్లాసు పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. చూడ్డానికి అందంగా ఉంది. వాసనలోనే నాకు అనుమానం వచ్చింది. తాగాను. పచ్చి యాపిల్ పులుపు. ఎక్కువ కాదక్కా, మరో ఊళ్ళో అయితే ఎవరూ పట్టించుకోరు. ముప్ఫై మంది నా వైపే చూస్తున్నారు. క్లెమ్ చేతిలో తువ్వాలు నలుపుతున్నాడు. వచ్చి నాలుగు రోజులు కాలేదు, ఇప్పటికే వీళ్ళకి ఒకసారి చేసిన నష్టం చాలదా అనిపించింది. బాగుందని ఒక్క మాట అనేస్తే అందరూ సంతోషంగా తాగుతారు. మీరంతా రెండు నెలలు ఎందుకు నోరు మూసుకున్నారో ఆ నిమిషంలో నాకు అర్థమైంది. క్లెమ్ మొహం ఎదురుగా ఉంటే చెప్పడం చాలా కష్టం.

"బాగా లేదు క్లెమ్," అన్నాను. "పీపా చెడింది. నీ తప్పు కాదు, కంపెనీ నుంచే అలా వచ్చింది. వెనక్కి పంపు."

క్లెమ్ నన్ను చూసి, గ్లాసు తీసుకుని తొట్టిలో ఒంపేశాడు. ఇంకో పీపా ఉందని కిందకి వెళ్ళాడు. అది రావడానికి పావుగంట పట్టింది. అంతసేపూ నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, ఎక్కడ కూర్చోవాలో తెలియక. ఎప్పటిలా ఏ మూలైనా ఉందేమోనని చూశాను. అక్కడ మూల అంటూ లేదు, అంతటా మనుషులే.

రెండో పీపా గ్లాసు వచ్చింది. రొట్టె వాసన, శుభ్రమైన చేదు, మన నాన్న తాగిన బీరే. బాగుందన్నాను. అందరూ ఒకేసారి కౌంటరు మీద పడ్డారు.

అప్పుడు పెర్సీ లేచాడు. కిటికీ పక్క కుర్చీ మీది కోటు తీశాడు. ఒకసారి దులిపాడు. నెమ్మదిగా గోడ దగ్గరికి వెళ్ళి ఐదో గిల్బర్ట్‌కి తగిలించాడు. వెనక్కొచ్చి కూర్చుని డామినోలు బోర్లించి కలపడం మొదలుపెట్టాడు. నా వైపు చూడలేదు. "ఆడతావా, నిలబడతావా?" అన్నాడు.

కూర్చున్నాను అక్కా. బావ కుర్చీ ఒక కాలు పొట్టి, నువ్వెప్పుడూ చెప్పలేదు. మూడు ఆటలు ఓడిపోయాను. రాత్రి ఇంటికొచ్చి నోటుబుక్కు తీసి ఓల్డ్ టప్ పేరు రాశాను. మార్కులు వేయబోయి ఆగాను. అక్కడ కూర్చుని తాగింది ఇంకా ఒక్కసారే కదా, ఈరోజు కూడా చూసి వేద్దామని. ఇప్పుడు ఆరవుతోంది, ఆట ఆరున్నరకన్నాడు పెర్సీ, ఆలస్యమైతే ఊరుకోడట.

ఆదివారం ఆసుపత్రికి వస్తాను. చిక్కటి టీ ఫ్లాస్కులో తెస్తాను. స్విండన్‌కి ఎప్పుడు వెళ్తావని మాత్రం అడగొద్దు.

ఎనభై అడుగుల తమ్ముడు,
గిల్బర్ట్